ఆంగ్ల వాక్యంలో నిషేధం, క్రియావిశేషణం: క్రియతో వాటి అన్వయక్రమం

1. విషయప్రవేశం

"వ్యాధిగ్రస్తుడు ఉపవసించనక్కరలేదు" అనే వాక్యాన్ని "ఎ సిక్ మాన్ మస్ట్ నాట్ ఫాస్ట్" అని ఆంగ్లీకరిస్తే పదాలన్నీ సరిగానే ఉన్నట్లు కనబడుతుంది. కాని అర్థం తారుమారవుతుంది. మూలంలో ఉన్నది మినహాయింపు. అనువాదంలో వచ్చినది నిషేధం. ఉపవసించే స్వేచ్ఛ మూలవాక్యంలో రోగికి మిగిలి ఉన్నది. అనువాదవాక్యంలో ఉపవాసం దోషమైనది. "నీడ్ నాట్ ఫాస్ట్" అని ఉండవలసిన చోట ఒక్క సహాయక్రియ మారినందువల్ల శాస్త్రార్థమే వేరైనది.

ధర్మశాస్త్ర, ఆయుర్వేద, వ్యాకరణ గ్రంథాలను ఆంగ్లంలోకి తెచ్చే పండితులకు, ప్రాచ్యకళాశాలలలో ఆంగ్లాన్ని ఒక భాషాభాగంగా బోధించే అధ్యాపకులకు ఇటువంటి సందర్భాలు తరచు ఎదురవుతాయి. సాధారణంగా ఇవి "వాడుక తెలియకపోవడం" అనే పేరుతో కొట్టివేయబడుతున్నాయి. అయితే ఆంగ్లంలో నిషేధపదం, క్రియావిశేషణం క్రియతో కలిసే తీరుకు ఒక నిశ్చితమైన క్రమం ఉన్నది. ఆ క్రమాన్ని వివరించడానికి కావలసిన భావనలు సంస్కృతాంధ్ర వ్యాకరణ సంప్రదాయంలోను, మీమాంసాశాస్త్రంలోను ముందే సిద్ధంగా ఉన్నాయి. ఈ రెండు అంశాలను నిరూపించడం ఈ వ్యాసం ప్రయోజనం.

2. కాలస్థానం: ఆంగ్ల నిషేధానికి ఆధారం

ఆంగ్ల వాక్యంలో నిషేధం ప్రధానక్రియను ఆశ్రయించదు. కాలాన్ని, పురుషవచనాలను వహించే తొలి సహాయక్రియను ఆశ్రయిస్తుంది. "హి హాజ్ బీన్ రీడింగ్" అనే వాక్యంలో మూడు క్రియారూపాలు ఉన్నాయి. వాటిలో కాలాన్ని, ప్రథమపురుషైకవచనాన్ని తెలిపేది "హాజ్" ఒక్కటే. కనుక "నాట్" దాని వెంటనే చేరి "హి హాజ్ నాట్ బీన్ రీడింగ్" అవుతుంది. "హి హాజ్ బీన్ నాట్ రీడింగ్" అనేది సామాన్యనిషేధం కాజాలదు.

సహాయక్రియ లేని వాక్యంలో ఈ ఆధారం ఉండదు. "హి రీడ్స్" అనే చోట కాలపురుషచిహ్నం ప్రధానక్రియకే అంటి ఉన్నది. అప్పుడు "డూ" అనే సహాయక్రియ ఆగమంవలె వచ్చి ఆ చిహ్నాన్ని తాను గ్రహిస్తుంది. "హి డజ్ నాట్ రీడ్", "హి డిడ్ నాట్ రీడ్" అనే రూపాలు ఇట్లు ఏర్పడతాయి. ఇక్కడ "డూ"కు "చేయు" అనే స్వార్థం లేదు. కాలాన్ని మోయడమే దాని పని.

"హి డిడ్ నాట్ కేమ్", "షి డజ్ నాట్ గోస్" అనే దోషాలు విద్యార్థుల వ్రాతలలో విరివిగా కనిపిస్తాయి. కాలచిహ్నం ఒకసారి "డిడ్"లోనో "డజ్"లోనో వ్యక్తమైన తరువాత ప్రధానక్రియలో మళ్ళీ చేర్చడమే ఈ దోషాల స్వరూపం. ఒకసారి చెప్పబడిన అర్థానికి మరల ప్రయోగం ఉండదనే వైయాకరణ న్యాయం తెలిసిన విద్యార్థికి ఈ సూత్రాన్ని ఒక్క వాక్యంలో బోధించవచ్చు.

కాలం లేని చోట "డూ" రాదనే విషయం ఈ సిద్ధాంతానికి బలం చేకూరుస్తుంది. తుమర్థకంలో "నాట్ టు గో" అంటారు. "తెలియక" అనే అర్థంలో "నాట్ నోయింగ్" అంటారు. "ఐ సజెస్ట్ దట్ హి నాట్ గో" అనే చోట ఉపవాక్యంలోని క్రియకు కాలచిహ్నం లేదు, "డూ" కూడ లేదు. ఈ మూడింటిలోను "నాట్" నేరుగా క్రియకు ముందు నిలుస్తుంది. దీనికి ఒక అపవాదం ఉన్నది. "బీ" అనే క్రియ నిశ్చయార్థంలో "డూ"ను అపేక్షించదు, "హి ఈజ్ నాట్ లేట్" అనే అంటారు. నిషేధార్థక లోట్టులో మాత్రం "డూ నాట్ బీ లేట్" అని "డూ" తప్పనిసరి. సంస్కృతంలో కూడ నిషేధార్థక ఆజ్ఞకు ప్రత్యేకమార్గం ఉండడం ఇక్కడ గమనార్హం. "న"కు బదులు మాఙ్ యోగంలో లుఙ్ రావడం (అష్టాధ్యాయి 3.3.175), అడాగమం లోపించడం (6.4.74) పాణిని విధించిన విషయాలే.

3. చారిత్రక పరిణామం

ఈ నిర్మాణం ఆంగ్లంలో మొదటినుండి ఉన్నది కాదు. ప్రాచీనాంగ్లంలో నిషేధపదం "నె". అది సంస్కృత "న"కు సజాతీయం. దాని స్థానం కూడ క్రియకు పూర్వమే. కాలక్రమంలో ఆ చిన్న పదం ఉచ్చారణలో బలహీనపడినది. దానికి బలం చేకూర్చడానికి "ఏ వస్తువూ కాదు" అనే అర్థం గల "నావిహ్ట్" అనే పదాన్ని క్రియ తరువాత చేర్చారు. "నాట్" అనేది ఈ పదం యొక్క సంక్షిప్తరూపమే. మధ్యాంగ్లంలో కొంతకాలం రెండు పదాలూ క్రియకు అటూ ఇటూ నిలిచాయి. తరువాత "నె" లోపించి, "ఐ సే నాట్" వంటి రూపం మిగిలినది. సహాయకంగా వచ్చిన పదమే ప్రధానమైనది. డేనిష్ పండితుడు ఒటో యెస్పర్సన్ 1917లో ప్రకటించిన నిషేధవిషయక గ్రంథంలో ఈ పరిణామాన్ని వివరించాడు. బలహీనపడడం, బలపరచడం, పాతది లోపించడం అనే ఈ ఆవృత్తికి భాషాశాస్త్రంలో ఆయన పేరే స్థిరపడినది.

ప్రధానక్రియ తరువాత "నాట్" వచ్చే నిర్మాణం 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదంలో విరివిగా కనిపిస్తుంది. అయితే 16, 17 శతాబ్దులలో "డూ"తో కూడిన రూపం క్రమంగా వ్యాపించినది. స్వీడన్ దేశీయుడు ఆల్వర్ ఎల్లెగోర్డ్ 1953లో ఈ వ్యాప్తిని గణాంకాలతో పరిశీలించాడు. "నో", "డౌట్", "కేర్" వంటి కొన్ని క్రియలు పాతపద్ధతిని చాలకాలం విడువలేదని ఆ పరిశీలన చూపినది. ప్రాచీన గ్రంథాల పాతఅనువాదాలలో "హి నోస్ నాట్" వంటి వాక్యాలు చూచి, నేటి వ్రాతలో వాటిని అనుకరించడం తగదు. ఆ కాలానికి అవి సాధువులు. నేడు ఆర్షప్రయోగాలవంటివి.

4. తెలుగు క్రియలో నిషేధం

తెలుగులో నిషేధం ప్రత్యేకపదం కాదు, క్రియలో అంతర్భాగం. రాను, రావు, రాడు, రాదు అనే రూపాలలో ధాతువుకు పురుషప్రత్యయాలు చేరాయి. కాలచిహ్నం లేదు. ద్రావిడభాషలలోని ఈ విశేషాన్ని కాల్డ్వెల్ 1856లో వెలువడిన తన తులనాత్మక వ్యాకరణంలో చర్చించాడు. కాలం లేకపోవడంచేత "అతడు మాంసం తినడు" అనే వాక్యం సందర్భాన్నిబట్టి "హి డజ్ నాట్ ఈట్ మీట్" అని అలవాటునూ, "హి విల్ నాట్ ఈట్ మీట్" అని భవిష్యత్తునూ తెలుపుతుంది. తెలుగులో అవిభక్తంగా ఉన్నదానిని ఆంగ్లంలో విభజించక తప్పదు. అనువాదకుడు ముందుగా నిర్ణయించవలసినది కాలాన్నే.

భూతకాలంలో స్థితి వేరు. వచ్చాను, వచ్చాడు అనే రూపాలకు వ్యతిరేకం "రాలేదు" ఒక్కటే. ఇందులో "రా" అనే రూపం తుమర్థకం వంటిది. నిషేధాన్ని వహించినది "లేదు" అనే సహాయక్రియ. ఆంగ్లంలోని "డిడ్ నాట్ కమ్" సరిగా ఇట్టిదే. రెండు భాషలలోను ప్రధానక్రియ కాలచిహ్నాన్ని విడిచి శుద్ధరూపంలో నిలుస్తుంది. నిషేధభారం సహాయక్రియపై పడుతుంది. "రాలేదు"లో "వచ్చి" లేదా "వచ్చా" ఎట్లు చేరదో, "డిడ్ నాట్" తరువాత "కేమ్" అట్లే చేరదు. తెలుగువానికి "డూ" ఆగమం అపూర్వం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఒక మెలకువ అవసరం. "ఆమె రాలేదు" అనే వాక్యానికి రెండర్థాలు ఉన్నాయి. "ఆమె వచ్చుట జరుగలేదు" అనేది ఒకటి. "ఆమెకు వచ్చుటకు శక్తి లేదు" అనేది మరొకటి. మొదటిదానికి "షి డిడ్ నాట్ కమ్", రెండవదానికి "షి కెనాట్ కమ్" అనువాదాలు. పుంలింగంలో "అతడు రాలేదు", "అతడు రాలేడు" అని రూపభేదం ఉన్నందువల్ల ఈ సందేహం కలుగదు.

5. క్రియావిశేషణ స్థానం

సంస్కృతంలో క్రియావిశేషణం నపుంసకలింగ ద్వితీయైకవచనంలో ఉండి, వాక్యంలో యథేచ్ఛగా సంచరిస్తుంది. తెలుగులో అది సాధారణంగా "గా" చేరి క్రియకు ముందు నిలుస్తుంది. "ఆమె పుస్తకాన్ని జాగ్రత్తగా చదివినది" అనే వాక్యంలో క్రియావిశేషణం కర్మకు, క్రియకు నడుమ ఉన్నది. ఆంగ్లంలో నిషిద్ధమైనది సరిగా ఈ స్థానమే. "షి రెడ్ కేర్ఫుల్లీ ద బుక్" అనడం సామాన్యంగా తగదు. "షి రెడ్ ద బుక్ కేర్ఫుల్లీ" అనవలె. కర్మ మిక్కిలి దీర్ఘమైనపుడు మాత్రమే అది వాక్యాంతానికి జరిగి, క్రియావిశేషణం నడుమకు వచ్చినట్లు కనిపిస్తుంది.

రీతిని తెలిపేవి వాక్యాంతంలో ఉండగా, పౌనఃపున్యాన్ని తెలిపే ఆల్వేస్, ఆఫెన్, యూజువల్లీ, సెల్డమ్ వంటివి ప్రధానక్రియకు పూర్వం, తొలి సహాయక్రియకు పరంగా వస్తాయి. "హి ఆఫెన్ రీడ్స్ ద పేపర్", "హి హాజ్ ఆఫెన్ రెడ్ ద పేపర్" అనేవి ఉదాహరణలు. "బీ" క్రియ అయితే దాని తరువాతనే వస్తాయి: "హి ఈజ్ ఆఫెన్ లేట్".

నిషేధపదం కూడ ప్రధానక్రియకు పూర్వం, తొలి సహాయక్రియకు పరంగా ఉంటుందని పైన చెప్పబడినది. రెండు నియమాలూ ఒకే మూలంనుండి వచ్చినవి. ఫ్రెంచిభాషలో కాలచిహ్నితమైన ప్రధానక్రియ తానే కాలస్థానానికి జరుగుతుంది. అందువల్ల అక్కడ క్రియావిశేషణం క్రియకు, కర్మకు నడుమ నిలువగలదు. నిషేధానికి "డూ" వంటి ఆగమం అవసరం లేదు. ఆంగ్లంలో ప్రధానక్రియ కదలదు. కనుక క్రియావిశేషణం దానికి ఎడమవైపునే ఆగిపోతుంది; కాలస్థానాన్ని నింపడానికి "డూ" రావలసి వస్తుంది. జాన్ యీవ్ పొలాక్ 1989లో ప్రకటించిన వ్యాసం ఈ సంబంధాన్ని స్పష్టం చేసినది. బోధనలో రెండుగా కనబడే నియమాలు శాస్త్రదృష్టిలో ఒక్కటే.

6. పౌర్వాపర్యం, నిషేధపరిధి

నిషేధం, క్రియావిశేషణం రెండూ ఒకే ప్రదేశంలో చేరినపుడు ఏది ముందు అనే ప్రశ్న పుడుతుంది. ఆంగ్లంలో సాధారణంగా ముందున్నది తరువాతిదానిని తన పరిధిలోనికి తీసుకొంటుంది. ఈ క్రింది జంట గమనించదగినది.

"హి డిడ్ నాట్ డెలిబరేట్లీ కన్సీల్ ద లెటర్." అతడు లేఖను దాచినది బుద్ధిపూర్వకంగా కాదు.

"హి డెలిబరేట్లీ డిడ్ నాట్ షో ద లెటర్." అతడు బుద్ధిపూర్వకంగానే లేఖను చూపలేదు.

మొదటివాక్యంలో నిషేధం ఉద్దేశాన్ని తొలగిస్తున్నది. రెండవవాక్యంలో ఉద్దేశం స్థిరంగా ఉన్నది. అది నిషేధాన్నే ఆవరించినది. ఇప్పుడు తెలుగు వాక్యాన్ని చూడవలె: "అతడు కావాలని చెప్పలేదు." దీనికి "చెప్పకపోవడం బుద్ధిపూర్వకం" అనే అర్థమూ ఉన్నది, "చెప్పినాడు కాని అది బుద్ధిపూర్వకం కాదు" అనే అర్థమూ ఉన్నది. సంభాషణలో కాకువు ఈ సందేహాన్ని తీరుస్తుంది. లిఖితంలో కాకువు ఉండదు. న్యాయస్థానంలో తెలుగు వాంగ్మూలాన్ని ఆంగ్లంలో నమోదు చేసేటప్పుడు ఈ రెండింటిలో ఏదో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. ఒక ఎన్నికలో సాక్షి నిజాన్ని దాచినవాడవుతాడు. మరొక ఎన్నికలో పొరపాటున నోరుజారినవాడవుతాడు. ఒక్క పదం యొక్క స్థానంలో ఒక మనిషి ఉద్దేశం ఇమిడి ఉన్నది.

తెలుగులో ఈ భేదాన్ని వ్యక్తం చేసే సాధనాలు లేకపోలేదు. ఏవకారం చేర్చి "కావాలనే చెప్పలేదు" అంటే మొదటి అర్థం స్థిరమవుతుంది. "కావాలని చెప్పినది కాదు" అంటే రెండవది స్థిరమవుతుంది. ఆంగ్లం పదక్రమంచేత సాధించేదానిని తెలుగు ఏవకారంచేత, "లేదు-కాదు" భేదంచేత సాధిస్తుంది. అనువాదకుడు మూలవాక్యాన్ని ముందుగా ఈ రెండు రూపాలలో ఒకదానికి మార్చుకొని, ఆ తరువాత ఆంగ్లంలోకి తీసుకొనిపోవడం క్షేమం.

హేతువాక్యాలలోను ఇదే స్థితి. "హి డిడ్ నాట్ కమ్ బికాజ్ ఇట్ రెయిన్డ్" అనే ఆంగ్లవాక్యం సందిగ్ధం. "వాన కురిసినందువల్ల అతడు రాలేదు" అనీ, "అతడు వచ్చినది వాన కురిసినందువల్ల కాదు" అనీ రెండు విధాల గ్రహించవచ్చు. ఇక్కడ తెలుగే నిర్దుష్టం. హేతువును వాక్యాదికి తెచ్చి "బికాజ్ ఇట్ రెయిన్డ్, హి డిడ్ నాట్ కమ్" అని వ్రాస్తే ఆంగ్లంలో కూడ మొదటి అర్థమే మిగులుతుంది.

వక్త అభిప్రాయాన్ని తెలిపే ప్రాబబ్లీ, సర్టెన్లీ వంటివి నిషేధపరిధికి వెలుపలనే ఉంటాయి. "హి విల్ ప్రాబబ్లీ నాట్ కమ్" సాధువు. "హి విల్ నాట్ ప్రాబబ్లీ కమ్" చెవికి ఎబ్బెట్టు. వక్త సంభావనను నిషేధించడం లేదు, నిషేధాన్ని సంభావిస్తున్నాడు. "ఆల్" వంటి సమగ్రవాచకాలతో జాగ్రత్త మరింత అవసరం. "ఆల్ ద స్టూడెంట్స్ డిడ్ నాట్ పాస్" అనేది "అందరూ తప్పినారు" అనీ, "అందరూ నెగ్గలేదు, కొందరే నెగ్గినారు" అనీ ద్వ్యర్థి. శాస్త్రరచనలో "నన్" అనో "నాట్ ఆల్" అనో స్పష్టంగా ఉండవలె.

7. పర్యుదాస ప్రసజ్యప్రతిషేధాలు, ఆంగ్ల సహాయక్రియలు

నిషేధం దేనితో అన్వయిస్తుంది అనే విచారం భారతీయశాస్త్రాలకు కొత్త కాదు. నఞ్ ఉత్తరపదంతో అన్వయిస్తే పర్యుదాసం. క్రియతో అన్వయిస్తే ప్రసజ్యప్రతిషేధం. నఞ్ సమాసాన్ని విధించిన పాణిని (2.2.6), హల్లుకు ముందు "అ"గా, అచ్చుకు ముందు "అన్"గా దాని రూపాన్ని సాధించాడు (6.3.73, 74). ఆంగ్లంలోని "అన్" అనే ఉపసర్గ ఈ నఞ్ రూపానికి సజాతీయం. "అన్ కైండ్" అనే పదం కేవలం దయ లేకపోవడాన్ని కాక, అధర్మశబ్దం ధర్మవిరుద్ధాన్ని తెలిపినట్లు, దయావిరుద్ధమైన క్రౌర్యాన్ని తెలుపుతుంది. "నాట్ కైండ్" అభావమాత్రాన్ని తెలుపుతుంది. అందుచేతనే "నాట్ అన్ కైండ్" అన్నంతమాత్రాన "కైండ్" అని సిద్ధించదు. రెంటికీ నడుమ తటస్థస్థితి ఉన్నది.

మీమాంసకులు ఈ విచారాన్ని క్రియాపదం లోపలికి తీసుకొనిపోయారు. క్రియాపదంలో ధాతువు, ప్రత్యయం అని రెండంశాలు ఉండగా నఞర్థం దేనితో అన్వయిస్తుంది? కలంజభక్షణ నిషేధంలో అది లిఙ్ ప్రత్యయార్థంతో అన్వయించి, ప్రవర్తనకు విరుద్ధమైన నివర్తనను బోధిస్తుంది. ప్రజాపతివ్రత ప్రకరణంలో ఉదయసూర్యుని చూడరాదనే వాక్యంలో, వ్రతశబ్దంతో ఉపక్రమం ఉన్నందువల్ల, అది ధాత్వర్థంతో అన్వయించి అనీక్షణసంకల్పాన్ని బోధిస్తుంది. జె. ఎఫ్. స్టాల్ 1962లో ప్రకటించిన వ్యాసంలో ఈ భేదాన్ని ఆధునిక తర్కపరిభాషతో సమన్వయించే ప్రయత్నం చేశాడు.

ఆంగ్లంలో ధాతుప్రత్యయాల స్థానంలో ప్రధానక్రియ, సహాయక్రియ వేరువేరు పదాలుగా ఉన్నాయి. "నాట్" బాహ్యంగా ఎప్పుడూ సహాయక్రియ ప్రక్కనే ఉంటుంది. కాని అర్థాన్వయం మాత్రం సహాయక్రియనుబట్టి మారుతుంది. ఈ భాగంలోని చిక్కంతా ఇదే.

"యు నీడ్ నాట్ గో" అనే చోట నిషేధం ఆవశ్యకతను తొలగిస్తుంది: వెళ్ళనక్కరలేదు. "యు మస్ట్ నాట్ గో" అనే చోట ఆవశ్యకత నిలిచి, నిషేధం ప్రధానక్రియతో అన్వయిస్తుంది. వెళ్ళకుండుటయే విధి అని భావం: వెళ్ళకూడదు. "మే" అనే క్రియ రెండు విధాలా ప్రవర్తిస్తుంది. అనుమతి అర్థంలో "యు మే నాట్ గో" అంటే అనుమతి లేదని. సంభావనార్థంలో "హి మే నాట్ కమ్" అంటే రాకపోవచ్చునని. మొదటిదానిలో నిషేధం సహాయక్రియార్థంతోను, రెండవదానిలో ప్రధానక్రియార్థంతోను అన్వయిస్తుంది. "కెనాట్"లో ఎల్లప్పుడూ శక్తి లేదా అవకాశం నిషేధించబడుతుంది.

తెలుగు రూపాలను విడదీసి చూస్తే ఈ అన్వయం కంటికి కనబడుతుంది. "రాకపోవచ్చు"లో వ్యతిరేకమైన "రాక" లోపల, సంభావనార్థకమైన "వచ్చు" వెలుపల ఉన్నాయి. "రానక్కరలేదు"లో ఆవశ్యకతను తెలిపే "అక్కర" లోపల, "లేదు" వెలుపల ఉన్నాయి. "రాకూడదు"లో తగుట అనే అర్థంగల "కూడు" ధాతువుకు వ్యతిరేకరూపం కనబడుతుంది. "వచ్చుట తగదు" అనేది దాని అవయవార్థం. "రాకుండుట విధి" అని ఆంగ్లం చెప్పినా, "వచ్చుట తగదు" అని తెలుగు చెప్పినా ఫలితం నివర్తనమే.

అయితే ఒక పరిమితిని గుర్తించవలె. "నీడ్ నాట్"లోని విధ్యభావమాత్రం పైన చెప్పిన రెండు మీమాంసోదాహరణలలోను లేదు. ప్రత్యయార్థంతో అన్వయించినా మీమాంసకునకు లభించేది నివర్తనయే కాని, "చేసినను సరే, చేయకున్నను సరే" అనే ఔదాసీన్యం కాదు. కనుక పర్యుదాస ప్రసజ్యాలను ఆంగ్ల సహాయక్రియలకు యథాతథంగా ఆరోపించడం సరి కాదు. నఞర్థం దేనితో అన్వయిస్తుంది అని అడిగే పద్ధతి మాత్రం రెండుచోట్లా సమానంగా ఉపకరిస్తుంది.

8. నిషేధగర్భిత క్రియావిశేషణాలు, ద్వినిషేధం

నెవర్, సెల్డమ్, హార్డ్లీ, స్కేర్స్లీ వంటివి నిషేధాన్ని తమలోనే ఇముడ్చుకొన్న క్రియావిశేషణాలు. "నెవర్"లో పాత "నె" నేటికీ దాగి ఉన్నది. ఇవి కేవలం విశేషణాలవలె క్రియకు ముందు నిలుస్తాయి కనుక "డూ"ను అపేక్షించవు: "హి నెవర్ కేమ్". వీటిని వాక్యాదిలో ఉంచితే మాత్రం సహాయక్రియ కర్తకు ముందు వస్తుంది: "నెవర్ డిడ్ హి కమ్", "సెల్డమ్ హావ్ స్కాలర్స్ అగ్రీడ్".

తెలుగులో "ఎవరూ", "ఎప్పుడూ", "ఏమీ" అనేవి వ్యతిరేకక్రియతో కలిసినప్పుడే సంపూర్ణనిషేధాన్ని ఇస్తాయి. "ఎవరూ రాలేదు" అనే వాక్యంలో నిషేధం "లేదు"లో ఒక్కచోటనే ఉన్నది. దీనిని పదానికి పదంగా మార్చి "నోబడీ డిడ్ నాట్ కమ్" అంటే ప్రామాణికాంగ్లంలో రెండు నిషేధాలు ఒకదానినొకటి రద్దు చేసికొని "రానివారు లేరు" అనే విపరీతార్థం వస్తుంది. "నోబడీ కేమ్" అనడమే సరి. మధ్యాంగ్లంలో ఇట్టి బహునిషేధం ఏకనిషేధార్థంలో సాధువుగా ఉండినది. నేటికీ కొన్ని మాండలికాలలో ఉన్నది. ప్రామాణికరచనలో మాత్రం అంగీకృతం కాదు.

"ఎప్పుడూ" శబ్దం ప్రత్యేకంగా పరిశీలించదగినది. "అతడు ఎప్పుడూ వస్తాడు" అంటే "ఆల్వేస్". "అతడు ఎప్పుడూ రాడు" అంటే "నెవర్". కాని "అతడు ప్రతిదినమూ రాడు" అంటే "నాట్ ఎవ్రీ డే" మాత్రమే. ఒకదానిలో నిషేధం సర్వకాలవ్యాప్తం. మరొకదానిలో సర్వకాలత్వమే నిషేధవిషయం. కనుక "హి డజ్ నాట్ ఆల్వేస్ కమ్" అనే వాక్యాన్ని "ఎప్పుడూ రాడు" అని తెలిగించడం దోషం. "ప్రతిసారీ రాడు" అని గాని, "ఎల్లప్పుడూ వస్తాడని కాదు" అని గాని ఉండవలె.

"ఇంకా" శబ్దానికి కూడ ఇట్టి ద్వైవిధ్యం ఉన్నది. "ఇంకా ఉన్నాడు" అంటే "స్టిల్". "ఇంకా రాలేదు" అంటే "నాట్ యెట్". "స్టిల్"ను ఉంచదలచితే అది నిషేధానికి ముందే ఉండవలె: "హి స్టిల్ హాజ్ నాట్ కమ్". "ఇక రాడు" అనే చోట "నో లాంగర్" గాని "ఎనీ మోర్" గాని తగినది.

9. ఉపసంహారం

పై పరిశీలనవల్ల తేలిన విషయాలు ఇవి. ఆంగ్లంలో నిషేధం కాలవాహకమైన సహాయక్రియను ఆశ్రయిస్తుంది. అది లేనిచోట "డూ" వస్తుంది. ప్రధానక్రియ కదలకపోవడమే నిషేధస్థానానికీ, క్రియావిశేషణస్థానానికీ ఉమ్మడి కారణం. రెండూ ఒకచోట చేరినపుడు వాటి పౌర్వాపర్యం సాధారణంగా అర్థపరిధిని నిర్ణయిస్తుంది. సహాయక్రియల విషయంలో మాత్రం స్థానం ఒక్కటే అయినా అన్వయం భిన్నం కనుక, ఒక్కొక్కదానిని వేరుగా నేర్వవలె.

తెలుగు ఈ భేదాలను ఎరుగని భాష కాదు. వాటిని ప్రత్యయంలో, ఏవకారంలో, లేదు-కాదు అనే రూపాలలో నిక్షేపించినది. ప్రాచ్యవిద్యార్థికి లోపించినది భావన కాదు, ఆ భావనను మరొక భాషలో ఎక్కడ వెదకవలెనో తెలిపే మార్గం. నఞర్థం దేనితో అన్వయిస్తున్నది అనే ప్రశ్నను ప్రతి నిషేధవాక్యం ఎదుట ఒకసారి వేసికొంటే, ఆంగ్లపాఠం శాస్త్రపాఠానికి అన్యం కాదని తెలుస్తుంది. వ్యాధిగ్రస్తునకు శాస్త్రం ఇచ్చిన మినహాయింపు అనువాదంలో నిషేధంగా మారకుండా నిలుస్తుంది.